కేన్సర్ మిషన్‌తో గుండె దడకు వైద్యమంట, ఎంతవరకు నిజం?

"కోత లేదు, కుట్లు లేవు, మత్తు లేదు, పావుగంటలో గుండె దడ మాయం." ఇట్లాంటి మాటలతో వీడియోలు మన ఫోన్లలో తిరుగుతాండాయి. కేన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే మిషన్‌తోనే గుండెకు కూడా వైద్యం చేస్తారంట. అది చూసి మా కల్యాణదుర్గం దిక్కు పిల్లోళ్లు ఇద్దరు నన్ను అడిగినారు. ఒకడు, వాళ్ల నాయనకు స్టెంటు వేసినారు, దీనికి పోతే మాత్రలు మానేయొచ్చునా అన్నాడు. ఇంకొకడికి పరీక్షల ముందర దడ వస్తాదంట, చేయించుకుంటే పోతాదా అన్నాడు. ఇద్దరికీ జవాబు ఒకటే: ఇది మీకు కాదు. మరి ఎవరికి? అది చెప్పాలంటే రొంత వివరంగా పోవాల. ఆ వీడియోలు ఒట్టి అబద్ధాలైతే ఒక్క మాటతో తీసి పారేద్దుము. సగం నిజం ఉండాది కాబట్టే చిక్కు.

గుండెను బోరు మోటారు అనుకోండి. నీళ్లు రాకపోతే తప్పు రెండు చోట్ల ఉండొచ్చు. పైపులో ఏదో అడ్డం పడి ఉండొచ్చు, లేదంటే కరెంటు సరిగా రాక ఉండొచ్చు. గుండెకూ అంతే. గుండె కండకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డం పడితే అది గుండెపోటు. గుండెను కొట్టించే కరెంటు దారి తప్పితే అది అరిథ్మియా, అంటే లయ తప్పడం. స్టెంటు పైపు రిపేరి. ఈ రేడియేషన్ కరెంటు రిపేరి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

గుండె కుడి పక్క పై గది గోడలో ఒక చిన్న కణాల ముద్ద ఉంటాది. నిమిషానికి 60 నుంచి 100 సార్లు కరెంటు పుట్టించేది అదే. ఆ కరెంటు పై గదుల మీదుగా దిగి, నడిమధ్య జంక్షన్‌లో ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత కింది గదులకు పోతాది. ఒంటికంతా రక్తం తోసేది కింది గదులే. పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు వచ్చే దడ ఈ మామూలు దారిలోనే, వేగం పెరిగి వచ్చేది. దానితో ప్రాణం పోదు. పైనుంచి హుకుం రాకముందే కింది గదులు సొంతంగా నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకుంటే దాన్ని వెంట్రిక్యులర్ టాకికార్డియా అంటారు. డాక్టర్లు కురచగా వీటీ అంటారు. మనమూ అట్లనే అనుకుందాం.

వీటీ ఎక్కువగా మచ్చ పడిన గుండెలో పుడతాది. గుండెపోటు వచ్చినప్పుడు రక్తం అందని చోట కండ చచ్చిపోయి, మానిన తర్వాత అక్కడ మచ్చ మిగులుతాది. ఆ మచ్చ అంతా ఒకే రకంగా చచ్చి ఉండదు. మధ్యలో అక్కడక్కడ బతికిన కండ పోగులు ఉంటాయి, రాళ్ల గుట్టల నడుమ ఇరుకు బాట మాదిరి. కరెంటు ఆ ఇరుకు బాటలో దూరి నిదానంగా నడుస్తాది. అవతలి పక్క తేలేసరికి చుట్టూ ఉన్న మంచి కండ మళ్లా కరెంటు తీసుకోడానికి సిద్ధమై ఉంటాది. దాన్ని అంటించి, చుట్టు తిరిగి వచ్చి, మళ్లా అదే బాటలో దూరుతాది. గానుగెద్దు మాదిరి అదే చుట్టు, అదే చుట్టు. ఒక్కో చుట్టుకు గుండె ఒకసారి కొట్టుకుంటాది. ఆ వేగంలో కింది గదులు నిండడానికి సందు దొరకదు. నిండందే తోసేదేముంది? బీపీ పడిపోతాది, కళ్లు తిరుగుతాయి, మనిషి కూలబడతాడు. అది ఇంకా చెదిరిపోయి గుండె ఒట్టిగా వణకడం మొదలుపెడితే, ఎవరూ పట్టించుకోకుంటే, నిమిషాల్లో ప్రాణం పోతాది.

మన ఊర్లలో దీన్ని గుర్తుపట్టేది తక్కువ. కూలబడిన మనిషి కాళ్లు చేతులు కొట్టుకుంటే మూర్ఛ అనుకొని చేతిలో తాళాలు పెడతారు, ఎర్రగడ్డ వాసన చూపిస్తారు. మెదడుకు రక్తం అందకపోయినా చేతులు కొట్టుకుంటాయి, అది ఫిట్సే కానక్కర్లేదు.

వీటీకి ఇప్పుడున్న వైద్యాలు మూడు. మొదటిది మాత్రలు. అందులో పేరుపడింది అమియోడరోన్. బాగానే పనిచేస్తాది, కానీ ఏండ్ల తరబడి వాడితే థైరాయిడ్‌ను, ఊపిరితిత్తులను, కాలేయాన్ని దెబ్బతీయొచ్చు. అందుకే దాన్ని వాడేవాళ్లు అప్పుడప్పుడు రక్త పరీక్షలు చేయించుకోవాల. రెండోది ఐసీడీ. భుజం కింద చర్మంలో పెట్టే చిన్న పెట్టె. గుండె గతి తప్పిందని కనిపెట్టి లోపలి నుంచే షాకు కొడతాది. ప్రాణం నిలబెడతాది, అందులో అనుమానం లేదు. కానీ ఐసీడీ వీటీని రానీయకుండా ఆపదు, వచ్చినాక కొట్టి దించుతాది, అంతే. మోటారు కాలిపోకుండా స్టార్టరు ట్రిప్ అయినట్టు. వీటీ మళ్లీ మళ్లీ వస్తే షాకులూ మళ్లీ మళ్లీ తగులుతాయి. మెలకువగా ఉన్నప్పుడు తగిలే షాకు ఎద్దు రొమ్ము మీద తన్నినట్టు ఉంటాదంట. ఒకే దినం పది, ఇరవై తిన్నోళ్లు ఉన్నారు. అట్లాంటోళ్లకు నిద్ర ఉండదు. స్నానానికి పోవాలన్నా తోడు కావాల.

మూడోది అబ్లేషన్. తొడ మొదట్లో రక్తనాళం గుండా సన్నటి తీగను గుండెలోకి పంపి, గానుగెద్దు తిరిగే ఆ ఇరుకు బాట యాడుందో వెదికి, అక్కడ వేడితో కాల్చి మూసేస్తారు. గంటల పని. శానామందికి ఫలితం ఇస్తాది. కానీ బాట గోడ మందంలో లోతున ఉంటే తీగ కొసలోని వేడి అంత లోపలికి పోదు. కొందరికి రెండు మూడు సార్లు చేసినా వీటీ తిరిగి వస్తాది. ఇంకొందరి గుండె ఎంత బలహీనమంటే, అన్ని గంటల ప్రొసీజరే తట్టుకోలేదు.

మందు పనిచేయక, అబ్లేషన్ ఫలించక, ఐసీడీ షాకులు తింటూ ఉన్న ఈ కడాకు మిగిలినోళ్ల కోసమే రేడియేషన్ ఆలోచన పుట్టింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు 2012లో ఒక రోగికి చేసి చూసినారు. పెద్ద చర్చ లేపింది మాత్రం సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. అక్కడ గుండె డాక్టరు ఫిలిప్ కుకులిచ్, కేన్సర్ రేడియేషన్ డాక్టరు క్లిఫర్డ్ రాబిన్సన్ జత కలిసినారు. 2017 డిసెంబరులో ఐదుగురు రోగుల లెక్కలు అచ్చు వేసినారు. వైద్యానికి ముందు మూడు నెలల్లో ఆ ఐదుగురికీ కలిపి 6,577 సార్లు వీటీ వచ్చింది. వైద్యం చేసినాక మొదటి ఆరు వారాల్లో 680 సార్లు. ఆ తర్వాత, అందరి నెలలూ కూడితే 46 నెలల్లో, నాలుగే నాలుగు సార్లు. ఒక్కొక్కరికి మిషన్ మీద పట్టిన కాలం సగటున 14 నిమిషాలు. వీడియోల్లో చెప్పే "పావుగంట" ఇక్కడి నుంచి వచ్చిందే.

అయితే ఆ పావుగంట వెనక ఉన్న పని వీడియోలో చూపించరు. ముందు రోగికి ఒళ్లంతా ఎలక్ట్రోడ్లున్న చొక్కా మాదిరి దాన్ని తొడిగి, ఐసీడీ సాయంతో వీటీని కావాలనే రప్పించి, కరెంటు యాడ నుంచి లేస్తాందో బొమ్మ తీసినారు. సీటీ, ఎమ్మారై స్కాన్లలో మచ్చ యాడుందో చూసినారు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇంత మేర కొట్టాల అని గీత గీసినారు. గుండె నిలకడగా ఉండదు కదా, ఊపిరి తీస్తే కదులుతాది, కొట్టుకుంటే కదులుతాది. ఆ కదలికకూ చోటు విడవాల. పక్కనే ఊపిరితిత్తి, కింద పొట్ట, వెనక అన్నవాహిక. వాటికి తగలకుండా కిరణాలను శానా దిక్కుల నుంచి పంపి, అన్నీ ఒక్క చోటే కలిసేటట్టు లెక్క వేస్తారు. ఒక్కో కిరణం బలం కొంచెమే. కలిసిన చోటే దెబ్బ.

ఆ దెబ్బ చిన్నది కాదు. రేడియేషన్‌ను గ్రే అనే కొలతలో కొలుస్తారు. కిలో కండలో ఒక జౌల్ శక్తి ఇంకితే ఒక గ్రే. రొమ్ము కేన్సర్‌కు పాత పద్ధతిలో 50 గ్రేలు ఇస్తారు, కానీ దాన్ని 25 భాగాలు చేసి ఐదు వారాలు ఇస్తారు. గుండె మచ్చకు 25 గ్రేలు ఒక్క దెబ్బకే. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఆ చోట పడేది రెండు లక్షల రెట్లకు పైమాటే. "ఎక్స్‌రే తీసినట్టే అప్పా, ఏమీ కాదు" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దండి.

రేడియేషన్ అనగానే మన సీమలో తుమ్మలపల్లె యురేనియం గని గుర్తుకొస్తాది, భయం వేస్తాది. ఆ భయం ఇక్కడ పెట్టుకోనక్కర లేదు. ఈ లీనియర్ యాక్సిలరేటర్ మిషన్‌లో యురేనియం ఉండదు. కరెంటుతో ఎలక్ట్రాన్లను వేగంగా ఉరికించి లోహానికి గుద్దిస్తే ఎక్స్‌రేలు పుడతాయి. స్విచ్చి ఆపితే కిరణాలు ఆగిపోతాయి. రోగి ఒంట్లో ఏమీ మిగలదు, ఇంటికొచ్చి బిడ్డలను ఎత్తుకోవచ్చు. నెత్తి వెంట్రుకలూ రాలవు, ఎందుకంటే నెత్తికి కొట్టలేదు కాబట్టి.

ఇందులో నన్ను శానా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. రేడియేషన్ కండను కాల్చి, బాటను పూర్తిగా మచ్చ చేసి మూసేస్తాదని మొదట డాక్టర్లు అనుకున్నారు. కానీ రేడియేషన్‌తో మచ్చ పడాలంటే నెలలు పడతాది. రోగుల్లో వీటీ చూస్తే దినాల్లో, వారాల్లో తగ్గిపోతాంది. లెక్క కుదరలేదు. అదే యూనివర్సిటీ వాళ్లు చనిపోయిన రోగుల గుండెలను, ఎలుకల గుండెలను పరీక్షించి 2021లో ఇంకో సంగతి చెప్పినారు. ఆ మోతాదు కణాలను చంపలేదంట. వాటిలో పాత సంకేతం ఒకదాన్ని నిద్ర లేపిందంట. దానితో కణం గోడలో సోడియం లోపలికి వచ్చే వాకిళ్లు పెరిగి, కరెంటు వేగంగా నడవడం మొదలైంది. ఇరుకు బాటలో నిదానంగా నడిస్తేనే కదా గానుగ చుట్టు సాగేది? కరెంటు బిరీన పోతే, తిరిగి వచ్చేసరికి ముందరి కండ ఇంకా సిద్ధంగా ఉండదు. చుట్టు అక్కడే తెగిపోతాది. బాటను మూయడం కాదు, బాగుచేయడం అన్నమాట. అదే నిజమైతే 25 గ్రేల కంటే తక్కువ మోతాదు చాలునేమో అని ఇప్పుడు పరిశోధకులు ఆలోచిస్తాండారు.

ఇంతవరకు చెప్పింది మంచి. ఇంక రెండో పక్క. మొదటి ఐదుగురిలో 83 ఏండ్ల మనిషి ఒకరు మూడు వారాలకే పక్షవాతంతో చనిపోయినారు. 2019లో అదే బృందం 19 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చినాయి. లెక్కకు వచ్చిన 18 మందిలో 17 మందికి లయ తప్పడం తగ్గింది, నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి బతికి ఉన్నది నూటికి 72 మంది. రేడియేషన్ చంపిందని కాదు, ఆ రోగుల గుండెలు అప్పటికే అంత చెడిపోయి ఉండినాయి. కొందరికి ఊపిరితిత్తిలో వాపు వచ్చింది, కొందరికి గుండె చుట్టూ నీరు చేరింది. ఆ తర్వాత ఇతర దేశాల్లో చేసినోళ్లకు మొదటి ఐదుగురి మాదిరి ఫలితం రాలేదు. వీటీ తగ్గింది, కానీ శానామందికి కొన్ని నెలలకు తిరిగి వచ్చింది. గుండెకు రేడియేషన్ తగిలితే పదేండ్ల తర్వాత కూడా కవాటాలు, నాళాలు చెడొచ్చని ఛాతీ కేన్సర్ల వైద్యంలో ఎప్పుడో తెలిసిన సంగతే. డెబ్బై ఏండ్లు దాటి, దినానికి పది షాకులు తినే మనిషికి ఆ లెక్క వేరు. ఇరవై రెండేండ్ల పిల్లోడికి ఆ లెక్క వేరు. పరీక్షల ముందర దడ వచ్చే మా పిల్లోడికి నేను కాదని చెప్పింది అందుకే. కుర్రోళ్లలో ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగే దడ ఎక్కువగా పై గదులకు సంబంధించింది. అది వేరే జబ్బు, మామూలు తీగ అబ్లేషన్‌తోనే శానామందికి పూర్తిగా నయమవుతాది.

మన దగ్గర ఇంకో ముఖ్యమైన సంగతి ఉండాది, దాన్ని అమెరికా వీడియోలు చెప్పవు. మచ్చలన్నీ గుండెపోటుతోనే పడవు. హైదరాబాదు కేర్ ఆస్పత్రిలో డాక్టర్ సి. నరసింహన్ బృందం 2011లో అమెరికా గుండె వైద్యుల పత్రికలో ఒక వ్యాసం రాసినారు. గుండె పంపు బలం బాగానే ఉండి కూడా వీటీ వస్తాండే రోగులు కొందరు వాళ్ల దగ్గరికి వచ్చినారు. ఎందుకా అని వెదికితే, ఛాతీలో గ్రంథులు ఉబ్బి, గుండె కండలో వాపు గడ్డలు కనబడినాయి. కొందరిలో అది క్షయ, అంటే టీబీ. కొందరిలో సార్కాయిడోసిస్ అనే ఇంకో జబ్బు. టీబీ అయితే టీబీ మందులు, సార్కాయిడ్ అయితే స్టెరాయిడ్లు, వాటితో పాటు లయ మందులు. నా మట్టుకు తెలుగు రోగికి పావుగంట రేడియేషన్ కంటే ఈ వ్యాసమే ముందు పనికొచ్చేది. టీబీ మన మధ్య ఇంకా ఉన్న జబ్బు. స్కాను తీసి, గ్రంథి నుంచి ముక్క తీసి పరీక్షించి కారణం కనుక్కోకుండా కిరణాలు కొట్టేది తిరగబడిన వరస.

ఇంక సౌకర్యాల సంగతి. ఈ వైద్యంలో మిషన్ కొత్తది కాదు, కేన్సర్ ఆస్పత్రుల్లో ఇప్పటికే ఉన్నదే. మన దిక్కు రోగులు రేడియేషన్‌కు బెంగళూరు కిద్వాయికో, తిరుపతికో పోతానే ఉన్నారు. కొరత ఉండేది గుండె కరెంటు జబ్బులు చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్టులకు. వాళ్లు పెద్ద నగరాల్లోనే ఉంటారు. కింది గదిలో ఏ మూల కొట్టాలో గీత గీసేది వాళ్లే. వాళ్లు లేకుండా ఒట్టి మిషన్ ఉందని ఎవరైనా "మేమూ చేస్తాం" అంటే లేచి వచ్చేయండి.

నాకు ఇంకా కోపం తెప్పించేది మచ్చ పడే విధానం. గుండెపోటు వచ్చినప్పుడు నాళం ఎంత బిరీన తెరిస్తే మచ్చ అంత చిన్నది. మచ్చ చిన్నదైతే వీటీ వచ్చే అవకాశమూ తక్కువ. మడకశిర పల్లెల్లోనో, రాయదుర్గం పల్లెల్లోనో రొమ్ములో నొప్పి వస్తే ఏం చేస్తారు? గ్యాసని సోడా తాగిస్తారు, ఆర్‌ఎంపీతో సూది వేయిస్తారు, తెల్లారనీ అంటారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తాండారు. డబ్బు కట్టే దారి ఉండాది, పోయేది కాలం. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ సూది బయట కొనాలంటే నలభై వేల రూపాయల దాకా ఉంటాది. స్టెమీ పథకం కింద దాన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తాండారు. అది మొదటి గంటల్లో పడితేనే ఫలం. ఆరు గంటలు పోగొట్టుకొని, పెద్ద మచ్చ పడనిచ్చి, ఐదేండ్ల తర్వాత ఆ మచ్చకు కిరణాలు కొట్టే ఆస్పత్రి యాడుందని వెదుకుతాండాం.

ఐసీడీ ఉన్నోళ్లు, గుండె బలహీనంగా ఉన్నోళ్లు మీ ఇంట్లో ఉంటే మన ఎండాకాలంలో రొంత కనిపెట్టి ఉండండి. వాంతులు, విరేచనాలు అయితే ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. నీరు పోవడానికి వేసే మాత్రలతోనూ పడిపోతాయి. అవి పడితే వీటీ లేస్తాది. సెలైన్ ఎక్కించి పంపించేదానికి ముందు పొటాషియం పరీక్ష చేయమని అడగండి.

ఎవరికైనా దడ వస్తాంటే, దడ ఉన్నప్పుడే దగ్గరున్న పీహెచ్‌సీకి పోయి ఈసీజీ తీయించండి. దడ తగ్గినాక తీస్తే అంతా మామూలుగానే కనబడొచ్చు. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కాగితంలోని అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి. పెద్ద డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అన్ని రిపోర్టుల కంటే ఆ ఫొటోనే ఎక్కువ పనిచేస్తాది. మనిషి కూలబడి, పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా తీయకుంటే 108కు ఫోన్ చేసి, రొమ్ము నడిమధ్య రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు నొక్కతా ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే ఇంకొకరు అందుకోవాల.

నిజంగానే అన్ని దారులూ మూసుకుపోయి, డాక్టరే ఈ రేడియేషన్ మాట ఎత్తితే, అది ట్రయల్‌లో చేస్తారా, బయట చేస్తారా అని అడగండి. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే కేంద్ర ప్రభుత్వ జాబితాలో దానికి నంబరు ఉండాల. ఆ నంబరు అడిగి తీసుకుంటే ఫోన్‌లోనే వెదికి చూసుకోవచ్చు, డబ్బు కట్టే పని లేదు. సంతకం పెట్టే కాగితం తెలుగులో ఇమ్మనండి. వాళ్లు ఇప్పటిదాకా ఎంతమందికి చేసినారు, అందులో ఎంతమందికి వీటీ తిరిగి వచ్చింది, తిరిగి వస్తే ఏం చేస్తారు, ఐసీడీని కిరణాల నుంచి ఎట్ల కాపాడతారు, ఏడాది తర్వాత చూపించుకోడానికి బెంగళూరుకో హైదరాబాదుకో ఎన్నిసార్లు రావాల, ఆ బస్సు ఛార్జీలు ఎవరివి, ఇవన్నీ కాగితం మీద రాసుకొని పోయి అడగండి.